తొంగిచూసేవాడు లేని ముక్క

జిల్లా పేజీకి సినిమా సమీక్షలు రాసే రోజుల్లో, మిగతావాళ్ళు తప్పించుకున్న 'పెద్దలకు మాత్రమే' సినిమాలు నా వాటాకు వచ్చేవి. ఉదయం ఆటకు హాల్లో మగవాళ్ళు మధ్యలో ఒక్కో కుర్చీ వదిలి, ఒకరినొకరు చూడనట్టు కూర్చునేవాళ్ళు. కథ ఏదైనా ఆ సినిమాల్లో ఒకడు తొంగిచూడడం తప్పనిసరి. తలుపు సందులోంచో, కిటికీ రెక్కల మధ్యనుంచో, ఎదురింటి మేడ మీదినుంచో. చాలా చూశాక నాకు తోచింది ఇది: వాడు మనకోసం చూస్తున్నాడు. తప్పు వాడిది, చూపు మనది. చివర్లో వాడికి చెంపదెబ్బలు పడతాయి. మనం స్టాండులోంచి సైకిల్ తీసుకుని ఇంటికి పోతాం.

రిటైరయ్యాక ఈ సంగతి మళ్ళీ తలుచుకోవాల్సి వస్తుందనుకోలేదు.

వరంగల్ మట్టెవాడలో మా ఎదురింటి పైగదిలో ఒకామె అద్దెకుండేది. ఆమెది పరకాల దగ్గరి ఊరు. ముప్పైకి దగ్గరపడిన మనిషి, రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం, సెలవుల్లో షార్ట్‌ఫిల్ముల్లో నటన. డ్యూటీకి వేళాపాళా లేని ఒంటరి ఆడమనిషికి గది ఇచ్చేవాళ్ళు లేక, ఎన్నో గడపలెక్కి దిగి ఇక్కడ చేరింది. ఇంటాయన చర్చిలో పెద్దమనిషి. భార్యాభర్తలిద్దరూ ఆమెను "బిడ్డా" అనే పిలిచేవాళ్ళు. ఆ గది పోతే ఆమెకు ఈ ఊళ్ళో ఇంకో గది లేదు.

ఆమెకు ఒక చిన్న సినిమాలో వేషం దొరికింది. ఆ సినిమా ఏదో యాప్‌లో వచ్చింది. స్నానం చేస్తున్న స్త్రీని రోజూ తొంగిచూసే ఒక మగవాడి కథ. ఆమెదే ఆ స్త్రీ పాత్ర. వీపు, భుజాలు, వెనక్కి తిరిగినప్పుడు ముఖం, అంతే. ఇంటివాళ్ళకు చెప్పలేదు. సినిమాల గురించి రాసినవాణ్ణని నాకు చెప్పి, చూడమంది. చూశాను. కెమెరా ఎక్కువసేపు ఆ మగవాడి మెడ వెనకే ఉంటుంది. వాడి చెమట, వాడి ఊపిరి, ఎవరైనా వస్తారేమోనన్న బెదురు. చూసేవాడికి సిగ్గేసేలా తీశారు.

ఎవరో ఆ మెడ కనబడే షాట్లన్నీ కోసేసి, ఆమె ఉన్న ముక్కను మాత్రం ఫోన్లలోకి వదిలారు. సంగీతం లేదు. వెంటిలేటర్ చువ్వల మధ్య నుంచి వణికే బొమ్మ. రహస్య కెమెరాతో తీసిందనే ఎవరైనా అనుకుంటారు. నేను పనిచేసిన పత్రికా అలాగే అనుకుని వార్త వేసింది. ఇలాంటి వార్తల్లో ముఖం మసక చేసి వేయడం మా డెస్కులో ఆనవాయితీ. నటి ముఖానికి మసక ఉండదు, బాధితురాలి ముఖానికే ఉంటుంది. ఎవరో కుర్రవాడు మర్యాదకే ఆ పని చేశాడు. దాంతో సినిమా బొమ్మ నేరానికి సాక్ష్యమైపోయింది. కింద 'మట్టెవాడలో అద్దెకుంటున్న యువతి' అని కూడా వేశారు.

పేపర్లో ఆ వార్త వచ్చిన ఉదయమే ఇంటాయన స్క్రూడ్రైవర్ పట్టుకుని పైకెక్కాడు. గీజర్ విప్పాడు, లైటు హోల్డర్ విప్పాడు.

"టైల్స్ అచ్చం మనయే. కెమెరా ఏడ పెట్టిండో లంగ! నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా, వాణ్ణి దొర్కవట్టి పోలీసోళ్ళకు ఇస్త" అంటున్నాడు. 

సాయంత్రం చర్చి ఆడవాళ్ళు వచ్చి ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఒకామె ఏడ్చింది కూడా.

మర్నాడు ఆమె మా ఇంటికొచ్చింది.

"అది సినిమా అని పేపర్ల రాయించుండ్రి సార్. ఇంటాయన నాకోసం పోలీస్ స్టేషన్‌కు తిరుగుతాండు. నేను చేయని కంప్లైంట్ నాతోని రాయిస్తరట."

డెస్కు ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడే.

"అన్నా, సవరణ వేస్త. నాకేం పోయింది? కానీ ఏమని వెయ్యాలె? అది సినిమా అని రాస్తె, ఏం సినిమా అని వరంగలంత వెతుకుతది. ఇప్పుడు పాపం అంటాండ్రు, రేపు ఏమంటరో నీకు తెల్వదా?"

నాకు తెలుసు. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"ఎట్ల జూసినా నేనే బద్నాం అయితాన్న" అంది. లేచి నిలబడి, "ఇంటోళ్ళకు నేనే చెప్త. మీరు పక్కన కూసోండ్రి, సాలు" అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ళ హాల్లో టీవీలో ఆ సినిమా పెట్టించింది. ముందే చెప్పేసింది: కెమెరా లేదు, ఎవడూ తీయలేదు, అది నా నటన, మొత్తం చూసి ఒక మాట చెప్పండి అని. ఇంటామె నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఇంటాయన టీవీ వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపు చూశారు. టీవీలో మగవాడు మెట్లెక్కుతుంటే "థూ, వీని బతుకు" అంది ఇంటామె. వెంటిలేటర్ కనబడగానే ఇంటాయన రిమోట్ అందుకుని ఆపేశాడు.

"ఇది నేను జూడలేను బిడ్డా. కూతురసొంటి దానివి."

"ఫోన్ల జూసిండ్రు గద కాకా" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "టైల్స్ గూడ పోల్చుకున్నరు."

  అప్పుడు నేనేదైనా అనాలి. సినిమా మంచిదనో, ఆమె తప్పేముందనో. ఇన్నేళ్ళు ఇలాంటి వాక్యాలు రాసి బతికినవాణ్ణి, ఒక్కటీ నోటికి రాలేదు. ఇంటాయన చెప్పులేసుకుని బయటకు పోయాడు.

ఆ తర్వాత ఆయన ఆమె ముఖం చూడలేదు. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగేవాడు. నెలాఖరుకు గది ఖాళీ చేయాలని భార్యతో చెప్పించాడు. "నేను చెప్తె ఇంటలేడు సారూ. దాన్ని జూస్తె మొకం చెల్తలేదంటాండు" అని ఇంటామె నా దగ్గర కళ్ళు తుడుచుకుంది. ఆమెను ఉండనివ్వమని నేను వెళ్ళి అడిగాను. ఆయన నాకు టీ ఇచ్చి, ఈ ఏడు ఎండలు ఎట్లున్నయని మాట్లాడాడు.

ఊరి చివర హసన్‌పర్తి దగ్గర హాస్టల్లో ఆమెకు ఒక మంచం దొరికింది, గది కాదు. వెళ్ళే రోజు నేను గ్యాస్ స్టవ్ పట్టుకుని ఆటో దాకా నడిచాను. ఆమె ఎక్కి కూర్చుంది. ఆటో అతను అద్దంలో ఆమెను ఒకసారి చూశాడు. ఫోన్ తీసి ఏదో చూసి, మళ్ళీ అద్దంలోకి చూశాడు. ఆమె చున్నీ ముఖం మీదికి లాక్కుంది.

"జర పోనియ్ తమ్మీ" అన్నాను.