పైవీధికి నీళ్ళు

ఇరవై ఆరేళ్ళుగా ఆ పేటకు నీళ్ళు వదిలే మనిషిని అందరూ వాల్వు మామ అనేవారు. రోడ్డు కింద ఏ గొట్టం ఎటు మళ్ళిందో ఆఫీసులో పటం లేదు. అంతా ఆయన బుర్రలోనే ఉంది.

ఇన్నాళ్ళకు ప్రభుత్వం నిధులిచ్చింది. పేట చివర ఎత్తైన కొత్త ట్యాంకు లేచింది, కొత్త పైపులు పడ్డాయి. బిందెలతో మెట్లెక్కి దిగే పైవీధి వాళ్ళకు ఇక ఇంట్లోనే కొళాయి. ఆయన చెల్లెలిదీ ఆ వీధే; మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. "ఈసారైనా వస్తాయా అన్నయ్యా?" అని వారంలో నాలుగుసార్లు అడిగింది.

ఆయన బెంగంతా బడి ముందున్న నలభై గజాల మీదే. అంచనాల్లో ఆ ముక్క రాయడం మరిచారు. అక్కడ పాత ఇనప గొట్టాన్నే ఉంచేసి, రెండు కొసలకూ కొత్తది అతికారు.

ప్రారంభం రోజు ఉదయమే బడి దగ్గరి వాల్వు చుట్టూ జనం చేరారు. పెద్దాఫీసరు వాచీ చూసుకుంటూ, "పూర్తిగా తిప్పెయ్యవయ్యా" అన్నాడు.

"పాత గొట్టం తట్టుకోదు సార్. మెల్లగా వదులుతాను. పిల్లల్ని ఇటు రానివ్వకండి."

"ఇప్పుడా చెప్పడం?"

"రెండుసార్లు రాసిచ్చాను సార్." పెన్షనుకు ఇంకా ఏడాదిన్నర ఉంది.

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "ఆయనన్నట్టే చేద్దాం సార్, బాధ్యత నాది" అని, వెళ్ళి బడి గేటు మూయించింది.

ఒక్కో చుట్టే తిప్పాడు. నాలుగో చుట్టుకు బడి ముందు తారు ఉబ్బి, పగిలి, బురదనీళ్ళు ఎగజిమ్మాయి. వెంటనే వెనక్కి తిప్పి కట్టేశాడు. పిల్లలు రోజూ వరస కట్టే చోట ఆటో చక్రం దిగబడేంత గుంట పడింది.

పెద్దాఫీసరు ఫోను తీసి, ఆ నలభై గజాలకూ మంజూరు అడిగాడు.

గొట్టం మార్చడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అన్నాళ్ళూ ఆయనకు అన్నం సయించలేదు. మిగతా అతుకుల మాటేమిటని ఒకటే ఆలోచన. మళ్ళీ వదిలిన రోజు నీళ్ళు పైవీధికెక్కాయి, మొదట ఎర్రగా, తర్వాత తేటగా.

చెల్లెలు కొళాయి కింద చెయ్యి పెట్టింది. "ఇంత సన్నంగానా అన్నయ్యా?"

"అంత ఎత్తెక్కి వచ్చాయి, కాస్త ఊపిరి తీసుకోనీవే" అంటూ ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు.