మంత్రసాని చదివిన సంస్కృతం

నర్మెట్టకు రెండు కోసుల దూరంలోని ఊళ్లో మంగలి ఓదెమ్మ మంత్రసాని. దొర గడిలో కాన్పుకైనా, పాలేరు గుడిసెలో కాన్పుకైనా ఆమెకే కబురు. పాలేరు ఇంట్లో ఆమెకు దండం పెట్టేవాళ్లు. గడిలో మాత్రం బిడ్డను కడిగి చేతికిచ్చాక ఆమె నిలబడ్డ చోట పేడనీళ్లు చల్లించేవాళ్లు. వాకిట్లో గడి పంతులు ప్రతిసారీ ఒకే శ్లోకం చదివి, "మంగలిదానికి ఈ వెట్టి దేవుడు రాసిపెట్టిండు, కాదంటే పురుగై పుడుతది, ఇదీ అర్థం" అనేవాడు.

ఓదెమ్మకు చదువు రాదు. కానీ విన్న పాట మరిచిపోదు. పదిహేనేళ్లు విన్న ఆ శ్లోకం అక్షరం పొల్లుపోకుండా నోట్లో ఉండిపోయింది, భయంతో పాటు.

పక్కవాడ అంజమ్మ తండ్రి జనగామలో పాదిరి బంగళాలో వంట చేసేవాడు. పాదిరి వెళ్లిపోతూ ఇచ్చిన పెట్టెలో సంస్కృత వ్యాకరణం ఒకటి, తెలుగు అర్థాల నిఘంటువు ఒకటి ఉన్నాయి. మిషన్ బడిలో తెలుగు నేర్చిన అంజమ్మ వాటితో ఒంటరిగా కుస్తీపడి విసిగిపోయింది. పంతొమ్మిది వందల నలభై ఐదు ఎండాకాలంలో ఆమెకు కాన్పు చేసి, పురుడు రోజుల్లో ఓదెమ్మ ఆ శ్లోకం అప్పజెప్పింది.

"జర చూడు పిల్లా, పంతులు చెప్పిందే ఉన్నదా?"

గురువు లేడు. ఏ మాట ఎక్కడ విరగాలో తెలియదు. ఓదెమ్మ పలికేది, అంజమ్మ పుటలు తిప్పేది. ముందు శొంఠి అన్న మాట దొరికింది. తర్వాత కడుపు. పది రోజులకు సైంధవ లవణం. అన్నానికి ముందు శొంఠి, ఉప్పు కలిపి తింటే కడుపుబ్బరం పోతుందట. అంతే శ్లోకం!

అంజమ్మ నవ్వింది. ఓదెమ్మ నవ్వలేదు.

"అబద్ధమాడితే ఒక తీరు. గాయ్నకు సుత అర్థం తెల్వదు. తెల్వని మాటతోటి నన్ను పదిహేనేండ్లు పురుగును చేసిండు. థూ!"

ఆనాటి నుంచి ఆమె అక్షరాలు కూడా దిద్దింది. మరుసటి ఏడు గడిలో చిన్న దొరసాని నొప్పులు పడుతుంటే, ఆమె ఏం పాపం చేసిందని ఓదెమ్మ వెళ్లింది. బిడ్డ పుట్టాక పంతులు శ్లోకం ఎత్తుకున్నాడు.

"దొర్సానికి కడుపుబ్బరం లేదు పంతులయ్యా, శొంఠి ఎందుకు?"

పంతులు ముఖం మాడిపోయింది. మర్నాడు, ఆ అర్థం ఎక్కడ నేర్చిందో ఆరా తీసి, దొర మనుషులు అంజమ్మ ఇంటి మీద పడ్డారు. "కిరస్తానీ ఇండ్ల సంస్కృతమేంది?" అంటూ పుస్తకాలను పెంటకుప్పలో వేసి తొక్కారు. ఇద్దరూ పుటలు ఏరి, తుడిచి, బండ మీద ఆరబెట్టారు. కంపు పోలేదు. ముక్కుకు కొంగు కట్టుకుని చదివారు.

నలభై ఏడులో, దొరలకు ఎదురుతిరిగిన సంగం జనం గడిని చుట్టుముట్టారు. దొర పట్నం పారిపోయాడు, పంతులు హనుమకొండకు. జనం తగలబెట్టిన గడి కాగితాల్లోంచి ఓదెమ్మ ఒక తాటాకుల కట్ట లాగింది.

"గది సుత కాలవెట్టక్కా, వాళ్ల చెత్తనే" అన్నాడు తండా నుంచి వచ్చిన లచ్చిరాం.

"ఏమున్నదో చూసినంక కాలవెడ్త."

ఓదెమ్మ, అంజమ్మ దాన్ని నెలల తరబడి చదివారు. ఒకచోట, తక్కువ కులం మనిషి మంత్రాలు పలికితే ఆ నాలుకను ఏం చేయాలో తీరికగా రాసి ఉంది. పంతులు చెప్పింది అబద్ధం. ఇది అబద్ధం కాదు. అంజమ్మ ఆకు విసిరికొట్టింది.

"నిజంగనే రాసిన్రక్కా. ఇంక చదవద్దు."

"ఇంట్ల పామున్నదని తెల్సినంక దీపం ఆర్పుకుంటమా?"

మరికొన్ని ఆకుల తర్వాత, అడ్డం తిరిగిన బిడ్డను ఎలా సరిచేయాలో, చేతికి నూనె ఎంతవరకు పూయాలో ఉంది. అచ్చం ఓదెమ్మ చేసే పద్ధతే.

"గిది మొగోనికి ఎట్ల తెల్సింది? ఎవలో మంత్రసాని చెప్తే రాసిండు. ఆ అవ్వ పేరేది?"

కట్టంతా వెతికారు. రాసినవాడి పేరు, అతని తండ్రి పేరు, తాత పేరు ఉన్నాయి. ఓదెమ్మ ఆ కట్టను కాల్చలేదు గానీ, రెండు రోజులు ముట్టుకోలేదు.

నలభై ఎనిమిదిలో నిజాం మీదికి వచ్చిన భారత సైన్యం వెనకే దొర కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. పంతులూ వచ్చాడు. జనగామలో చదువుకున్న పెళ్లివారు మంత్రాలకు అర్థం అడుగుతున్నారట. ఒక పొద్దున ఆయన అంజమ్మ ఇంటి దడి అవతల నిలబడి గొంతు తగ్గించాడు.

"ఓదెమ్మా, నాలుగు మంత్రాలున్నయి. అర్థం చెప్తవా?"

"చెప్త పంతులయ్యా. లోపటికొచ్చి సాప మీద కూసో."

ఆయన చాపను చూశాడు, అంజమ్మ తెచ్చిన నీళ్ల చెంబును చూశాడు.

"ఈడ్నే నిలవడి వింట."

"అయితే పో."

పంతులు పంచె అంచు ఎత్తిపట్టి, వాడ మట్టి అంటకుండా అడుగులేస్తూ వెళ్లిపోయాడు. ఓదెమ్మ దడి అవతలికి ఉమ్మింది.

తర్వాత ఆమె గడి గడప తొక్కలేదు. ఊరి కాన్పులకు మాత్రం చివరిదాకా వెళ్లింది. అంజమ్మను వెంటబెట్టుకుని ఆ పని నేర్పింది.