తగ్గించానని చెప్పిన మందు

పదమూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటే అది, మోసేకొద్దీ బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నేను ఫిట్టర్ని. మా అక్క మొగుడు అప్పట్లో ఆవిరి ఇంజను మీద ఫైర్‌మేన్. డ్రైవరు పరీక్ష పాసై ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయనకి లైసెన్సు రైఫిలు ఒకటి ఉండేది. సెలవు రోజుల్లో ఖరిదా పేటలోని మా ఇంటి వరండాలో కూర్చుని, పేలిన తూటాల ఇత్తడి గుల్లల్లో నేను మళ్లీ తుపాకీ మందు నింపేవాణ్ణి. ఆయన వాటిని పందుల వేటకు తీసుకెళ్లేవాడు.

ఒక ఆదివారం ఖాళీ గుల్లల సంచి తెచ్చి, అందులోంచి రెండు నా చేతిలో పెట్టాడు.

"సూడరా, అడుగున మందంటించే టోపీ ఎలా సదునైపోనాదో. తుపాకీ బోల్టు కూడా పట్టీసినాది, లాగితే రానేదు. మందెక్కువైపోతంది. ఈసారి తగ్గించు."

"ఏటీ కాదు బావా, బోల్టుకి కాసింత నూనె రాస్తే సరిపోతాది."

"ఇది నీ షాపులో నట్టు కాదురా. నాను సెప్పింది సెయ్యి."

"ఠీక్ హై, తగ్గిస్తాను."

తగ్గించలేదు. ఎందుకు? బిగుసుకున్నదానికి నూనె రాసి సుత్తితో తట్టడం షాపులో మాకు అలవాటు, అదొక కారణం. అసలు కారణం వేరు. సుభాష్‌పల్లిలో ఆయనకో బెంగాలీ వేట స్నేహితుడు ఉండేవాడు, అతన్ని అందరం దాదా అనేవాళ్లం. మిగిలిన మందు ఆ దాదాకి ఇవ్వడానికే నన్ను తగ్గించమంటున్నాడని నా అనుమానం. డబ్బాలో మందు తరుగుతోందనిపించేది. నిజంగా తరిగిందా? ఇప్పటికీ తెలియదు. అనుమానం పెనుభూతం అంటారు. నేను దానికి పీట వేసి కూర్చోబెట్టాను. ఎప్పుడూ పోసేంత మందే నింపి, "తగ్గించినాను బావా" అని ఇచ్చాను. ఆయన వాటిని జేబులో వేసుకున్నాడు.

ఆ వేటలో మూడో తూటాకి రైఫిలు బోల్టు దగ్గర పగిలింది. ఆయన కుడికన్ను పోయింది. ఒంటికన్నువాడికి ఇంజనెవరిస్తారు? డ్రైవరు కావలసిన మనిషిని ఫైళ్లు మోసే ప్యూనుగా వేశారు.

అడిగినవాళ్లందరికీ ఆయన ఒకటే చెబుతాడు. "తుపాకీ పాతది. మావోడు మందు తగ్గించే ఇచ్చినాడు." ఆ మాట అన్నప్పుడల్లా ఆయన మొహంలో వెతుకుతాను. తెలిసే అంటున్నాడా? నా నోట నిజం రప్పించడానికే నలుగురిలో అంటున్నాడా? అక్క ఇంకాస్త కూర వడ్డించినా, తనకేదో తెలిసిపోయింది అనుకుంటాను. చూశారా, ఇంకా వాళ్లనే అనుమానిస్తున్నాను. నన్ను నమ్మి కన్ను పోగొట్టుకున్న మనిషిని. నాకే సిగ్గేస్తోంది.

ఇది చదివి నన్ను క్షమించకండి, ఆ పని మీది కాదు. ఆయన ఎదుట నిలబడే ధైర్యం ఇవాళా లేదు. కానీ కాగితం మీద పెట్టేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ తుపాకీ మంచిదే. మందు నేను తగ్గించలేదు.