ఎల్లుండి వంతు

కాలువ నీళ్లను పొలాలకు వంతులవారీగా వదిలే పెద్దాయన, గట్టున నడుస్తూనే వరి వెన్ను అందుకుని, గింజను గోటితో నొక్కి పాలు పట్టిందో లేదో చూస్తాడు. చెల్లెలి చేలో మాత్రం గింజ ముట్టుకోడు. కాలువ అడుగంటిన ఏడు ఆమె బతిమాలింది: "అన్నా, పైరు పొట్ట మీదుంది. ఒక్క తడి ఇవ్వు."

"నీ వంతు ఎల్లుండి. నీకు ముందిస్తే ఊరు నా మొహాన ఉమ్ముతుంది," అన్నాడు. ఎల్లుండికి కాలువ ఎండిపోయింది. ఆమె చేనంతా తాలు గింజే మిగిలింది.

ఈ ఏడు కాలువ నిండుగా పారుతోంది. ఎవరూ అడక్కుండానే ఆయన అందరికంటే ముందు చెల్లెలి మడికి నీళ్లు మళ్లించాడు. ఆమె గబగబా వచ్చి, ఆయన చేతిలో పార అందుకుని, నాలుగు మట్టి పెళ్లలు వేసి మడిలోకి నీళ్లు రాకుండా ఆపేసింది.

"నా వంతు ఎల్లుండి కదన్నా," అంది, కోపమేమీ లేకుండానే.