నాలుగో పాదం

అరవైల్లో సంగతి. ఇందుకూరుపేటలో బస్సు చెడిపోయింది. పక్కనే రైసుమిల్లు వసారాలో పద్యాల సభ జరుగుతుంటే పోయి కూర్చున్నాను. ఊరి రైతులు ప్రతి ఆదివారం పోగై తాము రాసిన పద్యాలు చదువుకుంటారట. వచ్చినవాడెవడైనా ఏదో ఒకటి చదవాల్సిందేనన్నారు. నాకప్పుడు జపాన్ కవితల పిచ్చి. ఆ పద్ధతిలో రాసుకున్నది గొంతు సవరించుకుని చదివాను:

వాన వెలిసింది.
పడవ నిండా నీళ్లు.
నీళ్లలో చందమామ.

అందరూ నా నోటివైపే చూస్తున్నారు. చివరికి సభాపెద్ద రామిరెడ్డిగారు అడిగారు. "నాలుగో పాదం యాడ సామీ?"

"జపాన్ వాళ్లకు మూడేనండీ. మిగతాది వినేవాళ్లే ఊహించుకోవాలి."

"అట్ట చెప్పండి. మమ్మల్ని పూరించమంటుండారు."

ఆయన వక్క నములుతూ కాసేపు కళ్లు మూసుకుని, అందుకున్నారు:

"రాత్రంతా తిరిగి పట్టింది ఇదేనా, అంది జాలరి పెళ్లాం."

వసారా చప్పట్లతో దద్దరిల్లింది. నాకు ఒళ్లు మండింది.

తర్వాత ఆ కవిత ఒక పత్రికలో అచ్చయింది, మూడు లైన్లతోనే. గొప్పగా తీసుకెళ్లి మా ఆవిడకు చూపించాను. ఆమె పేజీ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్లు కూర్చుని రాసింది ఇదేనా?" అంది.