హరిచంద్ చెప్పిన ఎనభై

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద హెడ్ కానిస్టేబుల్ భూపాల్‌కు ఒక పేరుంది. ఆయన అడిగితే డ్రైవర్లు అబద్ధం చెప్పరని. కొట్టడు, తిట్టడు, చేయి చాపడు. భుజం మీద చేయి వేసి "చెప్పు తమ్మీ" అంటాడు. ఎంతటి మొండివాడైనా ఉన్నదంతా కక్కేస్తాడు. ఠాణాకు కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సంగతి గొప్పగా చెప్పేవారు. అది చెవిన పడినప్పుడల్లా భూపాల్ మాట మార్చేవాడు. రిటైర్మెంటుకు ఇరవై రోజులే ఉండటంతో ఈ మధ్య పొగడ్తలు మరీ ఎక్కువయ్యాయి.

ఆ ఉదయం ఎల్లారెడ్డి రోడ్డు మీద స్పీడు గన్ను డ్యూటీ. ఎస్సై దివాకర్ వయసులో చిన్నవాడైనా పద్ధతి గల మనిషి. యాభై అని రాసిన బోర్డుకు అడ్డంగా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంటే, దాన్ని విప్పించాకే మిషన్ పెట్టించాడు. "బోర్డు కనబడకుండా ఫైను వేస్తే అది దోపిడీ భూపాల్ గారూ" అన్నాడు. ఆ మాటకు భూపాల్‌కు ముచ్చటేసింది.

మిషన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆయనకు జీపుల కాలం గుర్తుకొచ్చింది. ఏం రోజులవి! బస్సు తప్పిందంటే జీపే దిక్కు. లోపల పదిమంది, వెనక కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్లు ఐదుగురు, పైన కోళ్ల గంపలు. స్పీడు మీటరు పనిచేసే జీపు ఈ లైనులో ఒక్కటీ ఉండేది కాదు. అయినా ఎల్లారెడ్డి అడ్డా మీద చాయ్ తాగుతూ ప్రతి డ్రైవరూ "ఎనభైల వచ్చిన" అనేవాడు. ఎనభై అంటే లెక్క కాదు, మీసం. నిజంగా యాభై దాటితే బానెట్ ఊడి చేతికి వచ్చే బండ్లవి. అది అందరికీ తెలుసు. ఎవరూ నవ్వేవారు కాదు.

ఆ డ్రైవర్లలో తండాకు చెందిన హరిచంద్ అంటే భూపాల్‌కు ప్రాణం. డ్యూటీ దిగి రోడ్డు మీద నిలబడితే చాలు, ముందు సీటు ఖాళీ చేయించి మరీ ఎక్కించుకునేవాడు. "మీరు కూసుంటే బండికి బలం సార్" అని ఒక కాల్చిన మక్కకంకి చేతిలో పెట్టేవాడు. దారి పొడుగునా పాటలే. అంత హాయిగా భూపాల్ మళ్లీ ఏ బండిలోనూ ప్రయాణం చేయలేదు.

ఒక వానాకాలం, కల్వర్టు దగ్గర టైరు పేలింది. జీపు పక్కకు ఒరిగి సైకిలు మీద పోతున్న మనిషిని కొట్టింది. అతని కాలు విరిగింది. ఠాణా బెంచీ మీద వణుకుతూ కూర్చున్న హరిచంద్ భుజం మీద భూపాల్ చేయి వేశాడు.

"ఎంతల వచ్చినవ్ తమ్మీ?"

"ఎనభైల సార్." నోటికి అలవాటైన మాటే వచ్చింది.

భూపాల్ రాసుకున్నాడు. హరిచంద్ సంతకం పెట్టాడు. ఆ కాగితం చూసే లైసెన్సు రద్దు చేశారు. స్టీరింగు తప్ప వేరే పని తెలియని మనిషి దుబాయి పోయి పన్నెండేళ్లు ఇటుకలు మోశాడు. తిరిగొచ్చాక మళ్లీ బండి ముట్టలేదు.

తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని రాజ్యాంగంలో ఉంది. భూపాల్ అది ట్రైనింగులోనే చదివాడు. బలవంతం ఎక్కడ చేశాను, ప్రేమగానే అడిగాను గదా అని చాలా ఏళ్లు తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

అంతలో కూలీలను దించి వస్తున్న వ్యాను ఒకటి మిషన్ ముందు నుంచి దూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే చెరుకు ట్రాక్టరు అడ్డం వచ్చింది. తెర మీద అంకె పడలేదు. కానిస్టేబులు వ్యానును ఆపాడు. దిగిన కుర్రవాడి లైసెన్సు మీద పేరు జైరాం, తండ్రి పేరు హరిచంద్, ఊరు అదే తండా. వచ్చే వారమే ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగానికి కాగితాలు చూపించాలని కానిస్టేబులుతో అన్నాడు. పేరు మీద కేసు ఉంటే ఇంతకాలం పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

"రీడింగు రాలేదు" అన్నాడు దివాకర్. "ఎంత స్పీడులో వచ్చాడో అతని నోటితోనే చెప్పించి రాయించండి. మీరడిగితే చెప్తారట కదా."

భూపాల్ ఛాతీ మీది పేరు చదవగానే జైరాం మొహం వెలిగిపోయింది. "మీరేనా సార్! మా బాపు రోజూ యాది చేస్తడు. భూపాల్ సార్ అడిగితే దాచొద్దు అంటడు. రాసుకోండ్రి, నేను ఎన..."

"నోర్ముయ్!"

ముప్పై ఏళ్లలో భూపాల్ ఒక డ్రైవరు మీద అరవడం అదే మొదలు. దివాకర్ కూడా ఉలిక్కిపడ్డాడు.

"నేను అడుగుతలేను, నువ్వు చెప్పకు" అని భూపాల్ ఎస్సై వైపు తిరిగాడు. "మిషన్ చెప్పలేదు సార్. మిషన్ చెప్పనిది ఈ పోరనితోని చెప్పించుడు నాతోని కాదు. కావాలంటే నాకు మెమో ఇయ్యండి."

దివాకర్ పుస్తకం మూసి, "మెల్లగా నడుపు" అని జైరాంకు చెప్పి మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

భూపాల్ వ్యాను దాకా నడిచాడు. "మీ బాపు జీపు ఎనభై పోదు బిడ్డా. యాభై గూడ పోదు. గది నాకు తెల్సు. తెల్సి రాసిన."

జైరాం మొహంలో నవ్వు ఆగిపోయింది. "బాపు ఇప్పటికీ తనదే తప్పనుకుంటుండు సార్. కాలిరిగిన గా సైకిలాయన సల్లగుండాలని ఏటా గుడిల దీపం పెడతడు" అన్నాడు. "గీ మాట నాకెందుకు సార్? బాపు ఇంటికాన్నే ఉన్నడు" అని ఫోను తీసి, నంబరు కలిపి, భూపాల్ చేతిలో పెట్టాడు.

అవతల గొంతు ముసలిదైపోయింది. "జైరాం? ఏంది బేటా?"

"హరిచందూ, నేను భూపాల్‌ను. నువ్వేం మాట్లాడకు. ఇయ్యాల నేను చెప్పేదున్నది."