చివరి వరుసలో ఆపుకున్న నవ్వు

ఏళ్లుగా ఒక నవ్వును మోస్తున్నాను. నవ్వుకు బరువేమిటని మీరనవచ్చు. నవ్వకుండా మింగినదానికి ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శేరిగూడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మౌనిక, నేను కలిసి స్టాండప్ కామెడీ మొదలుపెట్టాం. తనది ఇబ్రహీంపట్నం. మాది కోస్తా నుంచి వచ్చి నాదర్‌గుల్‌లో స్థిరపడిన కుటుంబం. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. ఒకరు స్టేజీ ఎక్కితే రెండోవాళ్లు చివరి వరుసలో కూర్చుని మొదటి నవ్వు నవ్వాలి. ఒక్కరు నవ్వితే చాలు, మిగతా హాలంతా మొహమాటం వదిలేస్తుంది.

ఏటా నగరంలో జరిగే అంతర్జాతీయ హాస్యోత్సవంలో ఆసారి తెలుగులో ఒక్కరికే అవకాశమన్నారు. ఎంపిక రోజున మొదట మౌనిక ఎక్కింది. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం ఊరికే చూసొచ్చిన వాళ్ల బాపు ఇంట్లో కొట్టిన గొప్పలు అందుకుంది.

"పాట నేనే గెలిచేటోన్ని బిడ్డా. గని నాకు షుగర్ ఉన్నది గద."

కడుపులోంచి తన్నుకొచ్చింది నవ్వు. దాంతోపాటే అసూయ. నేను వారాల తరబడి రాసి, కొట్టేసి, మళ్లీ రాసినా రానిది ఈమెకు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే ఎలా దొరుకుతోంది? పెదవి కొరుక్కుని తల వంచుకున్నాను. హాలు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఆమె కళ్లు చివరి వరుసలో నన్ను వెతికాయి. ఆ తర్వాత మాటలు తడబడ్డాయి.

నా వంతు వచ్చింది. చివరి వరుసలోంచి మౌనిక అందరికంటే ముందు, గట్టిగా నవ్వింది. నన్ను ఎంపిక చేశారు.

తిరుగు బస్సులో అడిగింది.

"నిజం చెప్పు. నీకు నవ్వు రాలేదానే?"

"రాలేదే. ఏం చేయను?"

"గట్లనా," అని కిటికీ వైపు తిరిగింది. మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

ఆ ఉత్సవం చూసి చూసి ఇప్పుడు మా కాలేజీ పిల్లలు సొంత యాసలోనే జోకులు చెబుతున్నారు. నన్ను ముఖ్య అతిథిగా పిలుస్తున్నారు. మా అందరిలో ఆ యాసను ముందుగా స్టేజీ ఎక్కించింది ఎవరో వాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు. భయమా? కాదు. ఇప్పటికీ అసూయే.

ఏటా ఆ ఉత్సవంలో నేను మైకు పట్టుకోగానే చివరి వరుసలోంచి ఒక నవ్వు ముందుగా వినిపిస్తుంది. ఎవరిదో తలెత్తి చూడను. ఒప్పందాన్ని ఆమె ఇంకా నిలబెట్టుకుంటోంది.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. ఇంత రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ రోజు నాకు నవ్వు వచ్చింది, మౌనికా. చాలా వచ్చింది.